గ్రాఫిక్స్ కార్డుకు డబ్బు కట్టే ముందు ప్రాసెసర్ పూర్తి నంబరు అడగండి

సంపాదకులకు నమస్కారం.

పేపర్ మధ్యలో పెట్టి ఇంటింటికీ పంపే కరపత్రాల్లోనూ, షాపుల్లో రాసిచ్చే కొటేషన్లలోనూ కంప్యూటర్ గురించి ఉండేది చాలావరకు ఒకే ముక్క: ‘ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు’. సిస్టంలు బిగించి, రిపేరు చేసే మాలాంటి వాళ్లకే ఈ ముక్క చదివితే లోపల ఏముందో తెలియదు. ఐ7 అన్న పేరు 2008 నుంచీ ఉంది. 4 జీబీ అన్నది కార్డు మీద మెమరీ ఎంతో చెబుతుంది గానీ, ఆ కార్డు ఎంత వేగంగా పని చేస్తుందో చెప్పదు. ఒక కుటుంబం నలభై, యాభై వేలు పోసి కొనే వస్తువుకు కనీసం మోడల్ నంబరైనా తెలియకుండా డబ్బు కట్టాల్సి రావడం అన్యాయం. అందుకే ఈ ఉత్తరం.

ఆ కరపత్రాల్లోని ఐ7 చాలాసార్లు 2011 నాటి ఐ7-2600, లేకపోతే 2012 నాటి ఐ7-3770. ఆఫీసులు తీసేసిన సిస్టంలలోంచి వచ్చిన ప్రాసెసర్‌ను ఆ కాలపు హెచ్61 మదర్‌బోర్డు మీద పెట్టి, రంగురంగుల లైట్ల క్యాబినెట్‌లో బిగించి ఇస్తారు. దానికి నాలుగు కోర్లు (లెక్కలు కట్టే భాగాలు), ఎనిమిది థ్రెడ్లు (ఒకేసారి నడిచే పనుల వరుసలు). 2022లో వచ్చిన ఐ3-12100కూ అవే నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. కానీ ఒక్కో కోరు చేసే పని దాదాపు రెట్టింపు, తినే కరెంటు తక్కువ. పైగా ఆ పాత ఐ7 మీద విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. ఇంటెల్‌లో కొద్ది మినహాయింపులు తప్ప 8వ తరం, ఆ పైవాటినే అది ఒప్పుకుంటుంది. విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పేరులో ఐ7 ఉంది కదా అని కొన్నవాళ్లు కొన్న రోజునే కాలం చెల్లిన సిస్టం ఇంటికి తెచ్చుకుంటున్నారు.

ఇక ‘గ్రాఫిక్స్ కార్డు’. ఆ ధరలో వచ్చేది సాధారణంగా జీటీ 710 గానీ, జీటీ 730 గానీ. రెండూ 2014 ప్రాంతపు కార్డులు. డీడీఆర్3 మెమరీ ఉన్న జీటీ 710 సెకనుకు 14.4 జీబీ డేటా మాత్రమే అటూ ఇటూ చేయగలదు. ఐ3-12100, ఐ5-12400 ప్రాసెసర్ల లోపలే ఉన్న యూహెచ్‌డీ 730 గ్రాఫిక్స్ సిస్టం ర్యామ్‌ను వాడుకుంటుంది. డీడీఆర్4-3200 ర్యామ్ రెండు స్టిక్కులు పెడితే దానికి 51.2 జీబీ దారి దొరుకుతుంది. ఆ దారిని ప్రాసెసర్‌తో పంచుకోవాలి, నిజమే. పంచుకున్నాక కూడా విడి కార్డు కంటే ఎక్కువే మిగులుతుంది.

వీడియోల దగ్గర తేడా ఇంకా ఎక్కువ. యూట్యూబ్ 4కె వీడియోలను వీపీ9, ఏవీ1 అనే పద్ధతుల్లో పంపుతుంది. యూహెచ్‌డీ 730లో ఈ రెండింటినీ విప్పే సర్క్యూట్ ఉంది. జీటీ 710లో లేదు. కార్డు బిగించి మానిటర్ వైరు దానికి తగిలించగానే వీడియో విప్పే భారం మొత్తం ప్రాసెసర్ మీద పడుతుంది. ఫ్యాను రొద పెరుగుతుంది, బొమ్మ ఆగి ఆగి వస్తుంది. కార్డు పీకేసి వైరు బోర్డుకు పెడితే సాఫీగా నడుస్తుంది. ఇలాంటి కార్డుల్లో ఎక్కువ భాగం ఉన్న కెప్లర్ తరం చిప్‌లకు భద్రతా అప్‌డేట్లు మినహా కొత్త డ్రైవర్లు ఇవ్వడం ఎన్విడియా 2021లోనే ఆపేసింది. మూడు నాలుగు వేలు అదనంగా పోసి సిస్టంను వెనక్కి లాగడమంటే ఇదే. ఇంట్లో వీడియోలు, బ్రౌజింగ్, వర్డ్, ఎక్సెల్, ఆన్‌లైన్ క్లాసులు, ట్యాలీ వరకైతే విడి కార్డు అక్కర్లేదు. ఆ డబ్బు ర్యామ్‌కు, ఎస్‌ఎస్‌డీకి పెట్టండి.

ఒకే పేరుతో రెండు రకాల కార్డులు రావడం మరో చిక్కు. జీటీ 1030 జీడీడీఆర్5 మెమరీతో వస్తే సెకనుకు 48 జీబీ. డీడీఆర్4తో వస్తే 16.8 జీబీయే. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండే పేరు రెండింటికీ ఒకటే. తేడా చిన్న అక్షరాల్లో ఉంటుంది. సెకండ్ హ్యాండ్‌లో అయితే పాత జీటీఎస్ 450 లాంటి కార్డులకు బయోస్ (కార్డులోనే ఉండే చిన్న ప్రోగ్రాం) మార్చి జీటీఎక్స్ 1050 టీఐ అని అమ్మేవాళ్లున్నారు. జీపీయూ-జడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇలాంటి వాటిని చాలావరకు పట్టేసి, పేరు ముందు ‘ఫేక్’ అని చూపిస్తుంది. డబ్బు ఇచ్చే ముందు షాపులోనే అది నడిపించి చూడండి.

లోపలి గ్రాఫిక్స్‌తోనే సరిపెట్టుకునేవాళ్లు ర్యామ్ విషయంలో జాగ్రత్త పడాలి. ఒకే 16 జీబీ స్టిక్కు కంటే రెండు 8 జీబీ స్టిక్కులు మేలు. ఒక్క స్టిక్కుతో డీడీఆర్4-3200 దారి 25.6 జీబీ, రెండైతే దానికి రెట్టింపు. రైజెన్ 5 5600జీ లాంటి వాటిలో లోపలి గ్రాఫిక్స్ కాస్త బలమైనది కాబట్టి ఆటల్లో ఈ తేడా స్పష్టంగా కంటికి కనిపిస్తుంది. నాలుగు స్లాట్ల బోర్డులో ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది వాడాలి. పక్కపక్కనే ఉన్న మొదటి రెండింటిలో పెడితే చాలా బోర్డుల్లో రెండూ ఒకే దారిలో పడతాయి. తర్వాత బోర్డు బయోస్‌లోకి (సిస్టం ఆన్ చేసేటప్పుడు తెరిచే సెట్టింగుల్లోకి) వెళ్లి ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ను దాని మీద రాసిన వేగంతో నడిపించే సెట్టింగు, ఆన్ చేయాలి. చేయకపోతే 3200 అని కొన్న ర్యామ్ చాలాసార్లు 2133లోనో 2400లోనో నడుస్తూ ఉంటుంది; ఆ సంగతి ఎవరూ చెప్పరు. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, ఆపైన మెమరీ నొక్కితే స్పీడు, ఎన్ని స్లాట్లు వాడుతున్నదీ కనిపిస్తాయి. బిగించిన మనిషి వెళ్లకముందే చూసుకోండి.

ఇప్పుడు ప్రాసెసర్ నంబరు చివర ఉండే అక్షరం. ఐ5-12400, ఐ5-12400ఎఫ్ రెండింటికీ ఆరు కోర్లే, వేగమూ ఒకటే. ఎఫ్ ఉన్నదానికి లోపలి గ్రాఫిక్స్ ఉండదు. కాస్త తక్కువ ధరకు వస్తుంది కాబట్టి షాపులు అదే రాస్తాయి. మంచి కార్డు పెట్టి ఆటలే ఆడేవారికి అందులో తప్పేమీ లేదు. కానీ రేపు కార్డు చెడిపోతే ఆ సిస్టంలో డిస్‌ప్లేయే రాదు. బోర్డుకు హెచ్‌డీఎంఐ పోర్టు ఉన్నా దాంట్లోంచి బొమ్మ రాదు. కార్డు వారంటీకి వెళ్లి వచ్చేదాకా సిస్టం మూలనపడాల్సిందే. ఏఎండీ వైపు రైజెన్ 5 5600కు లోపలి గ్రాఫిక్స్ లేదు, 5600జీకి ఉంది. అలాగని ముందు ముందు పెద్ద కార్డు పెట్టే ఆలోచన ఉన్నవారు 5600జీ తీసుకుంటే నష్టపోతారు. దాని ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) 16 ఎంబీ, 5600కు 32 ఎంబీ. పైగా 5600జీ పీసీఐఈ (ప్రాసెసర్‌కు, కార్డుకు మధ్య దారి) 3.0 దగ్గరే ఆగిపోతుంది.

పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లకు ఈ ఎఫ్ అక్షరం ఎంత నష్టం చేస్తుందో విడిగా చెప్పాలి. రెండు రాష్ట్రాల్లోనూ చిన్న పట్టణాల దాకా స్టూడియోలు ఇప్పుడు సోనీ ఏ7ఎస్ 3, ఏ7 4 లాంటి కెమెరాలతో 10 బిట్ 4:2:2లో (రంగుల వివరం ఎక్కువగా ఉండే పద్ధతిలో) షూట్ చేస్తున్నాయి. హెచ్.265 అనే కుదింపు పద్ధతిలో ఉన్న ఆ ఫుటేజీని విప్పే సర్క్యూట్ ఇంటెల్ 11వ తరం నుంచి లోపలి గ్రాఫిక్స్‌లో ఉంది. ఎన్విడియాలో ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ వచ్చేవరకు, అంటే 2025 దాకా, మామూలు కార్డుల్లో లేదు. అందుకే 12400ఎఫ్‌తో పాటు ఆర్‌టీఎక్స్ 3060 పెట్టిన సిస్టంలో ప్రీమియర్ (వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్) టైమ్‌లైన్ ముక్కలు ముక్కలుగా నడుస్తుంది. టాస్క్ మేనేజర్ చూస్తే ప్రాసెసర్ నిండిపోయి ఉంటుంది, అంత ఖరీదైన కార్డు ఖాళీగా కూర్చుని ఉంటుంది. కార్డు చాలడం లేదనుకుని ఇంకా పెద్ద కార్డు కొంటారు. ఆర్‌టీఎక్స్ 3090 పెట్టినా ఈ జబ్బు పోదు. ఎఫ్ లేని 12400 అయి ఉంటే సరిపోయేది.

ఎఫ్ లేని ప్రాసెసర్ ఉండి కూడా ఇదే బాధ పడేవాళ్లున్నారు. విడి కార్డు పెట్టగానే చాలా బోర్డులు లోపలి గ్రాఫిక్స్‌ను నిద్రపుచ్చుతాయి. బయోస్‌లో ‘ఐజీపీయూ మల్టీ మానిటర్’ అనే ఆప్షన్ ఎనేబుల్ చేసి, విండోస్‌లో ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్ ఎక్కించాలి. ఆ తర్వాత ప్రీమియర్ ప్రిఫరెన్సెస్‌లో మీడియా పేజీకి వెళ్లి, హార్డ్‌వేర్ డీకోడింగ్ కింద ఇంటెల్ దగ్గర టిక్కు పెట్టి, ప్రీమియర్‌ను మూసి తెరవాలి. మానిటర్ వైరు మాత్రం కార్డుకే ఉండాలి. ఇంత చేసినా హెచ్.264లో తీసిన 4:2:2 ఫుటేజీకి ఈ ఉపాయం పనిచేయదు. కెమెరాలో ఎక్స్‌ఏవీసీ హెచ్‌ఎస్ (సోనీలో హెచ్.265 రకం) ఎంచుకుని తీసినదానికే ఫలితం ఉంటుంది. మిగతాదానికి ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం తేలికపాటి నకళ్లు) చేసుకోవడమే దారి.

ప్రాసెసర్, కార్డు జతగా ఎలా పనిచేస్తాయో తెలిస్తే ఏది ముందు కొనాలో తేలిపోతుంది. ఆటలో ప్రతి ఫ్రేముకూ ఎవరు ఎక్కడున్నారు, తూటా ఎటు వెళ్లింది లాంటి లెక్కలు ప్రాసెసర్ కట్టి ఇస్తుంది. బొమ్మ గీయడం కార్డు పని. వంటవాడు ఒక్కడే ఉంటే వడ్డించేవాళ్లు పదిమంది ఉన్నా పంక్తి ముందుకు సాగదు. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటివి 1080పీలో తక్కువ సెట్టింగుల్లో ఆడితే ఎక్కువగా ప్రాసెసర్ దగ్గరే ఆగుతాయి. ఫ్రీ ఫైర్‌ను ఎమ్యులేటర్‌లో (ఫోన్ ఆటలను కంప్యూటర్‌లో నడిపే ప్రోగ్రాంలో) ఆడే పిల్లలకు కూడా ముందు కావలసింది ప్రాసెసర్ బలమే, దానితోపాటు బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్ అయి ఉండాలి. అది ఆఫ్‌లో ఉంటే ఏ కార్డు పెట్టినా ఎమ్యులేటర్ ఈడుస్తూనే ఉంటుంది.

మీ సిస్టంలో ఏది వెనకబడిందో తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ గ్రాఫ్ మీద రైట్ క్లిక్ చేసి, ఛేంజ్ గ్రాఫ్ టు దగ్గర లాజికల్ ప్రాసెసర్స్ ఎంచుకోండి. ఇది ముఖ్యం. పన్నెండు థ్రెడ్ల ప్రాసెసర్‌లో ఒకటి పూర్తిగా నిండినా మొత్తం లెక్కలో 8 శాతమే కనిపిస్తుంది, ప్రాసెసర్ ఖాళీగా ఉందని మోసపోతాం. అలా తెరిచి ఉంచి, మీరు రోజూ చేసే బరువైన పని పది నిమిషాలు చేయండి. జీపీయూ (గ్రాఫిక్స్) పేజీలో 3డీ గ్రాఫ్ 95 శాతం దాటి నిలకడగా ఉంటే కార్డు నిండిపోయినట్టు. అది 50, 60 దగ్గర ఊగుతూ, ఒకటి రెండు థ్రెడ్లు మాత్రం పైకి తగిలి ఉంటే ప్రాసెసర్ వెనకబడినట్టు. ఆటలో అయితే ఇంకో పరీక్ష ఉంది. రిజల్యూషన్‌ను 1080పీ నుంచి 720పీకి తగ్గించండి. ఫ్రేములు బాగా పెరిగితే అడ్డు కార్డు దగ్గర. అలాగే ఉంటే ప్రాసెసర్ దగ్గర. డెడికేటెడ్ జీపీయూ మెమరీ అంచుదాకా నిండి, నడుస్తూ నడుస్తూ ఒక్కసారి ఆగి మళ్లీ కదులుతుంటే కార్డు మెమరీ చాలడం లేదు. మూడూ ఖాళీగానే ఉండి డిస్క్ 100 శాతం చూపిస్తుంటే సిస్టంలో ఇంకా పాత హార్డ్ డిస్క్ మీదే విండోస్ ఉన్నట్టు. మా దగ్గరికి ‘స్లో అయింది, కార్డు వేయండి’ అని వచ్చే సిస్టంలలో ఈ చివరి రకం చాలా ఎక్కువ.

డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో పేజ్‌మేకర్ నడిపేవారికి కార్డు వల్ల ఏ లాభమూ లేదు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, దానికి గ్రాఫిక్స్ కార్డుతో పని లేదు. ఫ్లెక్సీల కోసం ఫొటోషాప్‌లో ఇరవై ముప్ఫై అడుగుల ఫైళ్లు తెరిచేవారికి కావలసింది 32 జీబీ ర్యామ్, స్క్రాచ్ డిస్కుకు (ఫొటోషాప్ తాత్కాలికంగా వాడే చోటుకు) ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ. ఆటోక్యాడ్ 2డీ చాలావరకు ఒకే కోరు మీద నడుస్తుంది, కోర్ల సంఖ్య కంటే ఒక్కో కోరు వేగం చూడాలి. బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో సైకిల్స్ రెండరింగ్, మెషీన్ లెర్నింగ్ ప్రాజెక్టులు మాత్రం నిజంగా కార్డు పనులే. అక్కడ చిప్ వేగంతో పాటు మెమరీ కూడా చూసుకోవాలి. ఆర్‌టీఎక్స్ 4060 కంటే పాతదైనా, 12 జీబీ ఉన్న ఆర్‌టీఎక్స్ 3060లో పట్టే మోడల్ 8 జీబీ ఉన్న 4060లో పట్టకపోవచ్చు.

ఆటల కోసమే కొనేవాళ్లకు మేం చెప్పే లెక్క, ప్రాసెసర్‌కు ఒక రూపాయి పెడితే కార్డుకు రెండు. ఐ3-12100ఎఫ్‌కు ఆర్‌టీఎక్స్ 3050 సరిజోడు, ఐ5-12400ఎఫ్‌కు ఆర్‌టీఎక్స్ 4060. పాత ఐ5-3470 మీద ఆర్‌టీఎక్స్ 3060 పెడితే సగం కార్డు డబ్బు నేలపాలే. ధర తక్కువని ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ తీసుకునేవారు ఒకటి గమనించాలి. అది బోర్డుతో నాలుగు లేన్ల మీదే మాట్లాడుతుంది. పీసీఐఈ 4.0 ఉంటే ఫరవాలేదు. పీసీఐఈ 3.0 బోర్డులో ఆ దారి సగమైపోయి, కార్డులోని 4 జీబీ నిండగానే ఆట తడబడుతుంది. వీడియో ఎన్‌కోడ్ చేసే సర్క్యూట్ కూడా అందులో లేదు కాబట్టి ఆట రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టాలనుకునేవారికి అది పనికిరాదు. కార్డు ఏదైనా మానిటర్ వైరు కార్డుకే పెట్టండి. క్యాబినెట్ వెనక పైన యూఎస్‌బీల పక్కన ఉండేది బోర్డు పోర్టు. కింద అడ్డంగా ఉండేవి కార్డు పోర్టులు. పైదానికి పెట్టి, కార్డు పనిచేయడం లేదని తెచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

మన ఇళ్లలో ఇంకో చిక్కు యూపీఎస్. అందరూ వాడే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది దాదాపు 360 వాట్లే. ఆర్‌టీఎక్స్ 3060 ఒక్కటే 170 వాట్లు తింటుంది. ప్రాసెసర్, బోర్డు, మానిటర్ కలిస్తే ఆట మధ్యలో మూడొందలు దాటుతుంది. కరెంటు పోయిన క్షణంలో బ్యాటరీ మీదికి మారుతూ యూపీఎస్ కుయ్‌మని ఆగిపోవచ్చు, సిస్టం కూడా దానితోపాటే. అలాంటి కార్డుకు 1000 వీఏ, ఆ పైన ఉండాలి. లేదంటే 70 వాట్ల ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ ఎంచుకోండి, దానికి విడిగా పవర్ వైరు కూడా అక్కర్లేదు. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చే ఎస్‌ఎంపీఎస్ (సిస్టంకు కరెంటు ఇచ్చే పెట్టె) మీద 450 వాట్లని రాసి ఉంటుంది. ఆ మాట వదిలేసి పక్కనున్న స్టిక్కర్‌లో 12 వోల్టుల గడి చూడండి. అక్కడ 18 ఆంపియర్లని ఉంటే కార్డుకు, ప్రాసెసర్‌కు కలిపి దొరికేది 216 వాట్లే. దానికి మోలెక్స్ (పాత రకం నాలుగు పిన్నుల వైరు) నుంచి 8 పిన్ కన్వర్టర్ తగిలించి పెద్ద కార్డు నడిపితే కనెక్టర్ కాలిపోయే ప్రమాదం ఉంది. ఇది డబ్బుతో పోయే విషయం కూడా కాదు, ఇంట్లో పిల్లలుంటారు.

లాప్‌టాప్‌లో తర్వాత మార్చుకునే వీలు లేదు కాబట్టి కొనేటప్పుడే చూసుకోవాలి. ఒకే ఆర్‌టీఎక్స్ 4050 లాప్‌టాప్ కార్డును కంపెనీలు 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎంతకైనా పెట్టుకోవచ్చు. పేరు మారదు, పనితనం మారుతుంది. స్పెసిఫికేషన్లలో టీజీపీ (కార్డు వాడుకోగల గరిష్ఠ కరెంటు) ఎన్ని వాట్లో రాసి ఉంటేనే కొనండి. ప్రాసెసర్ చివర యూ ఉంటే 15 వాట్ల తరహా, హెచ్ ఉంటే 45 వాట్ల తరహా. గంటల తరబడి రెండరింగ్ చేసేవారికి ఐ7-1355యూ కంటే ఐ5-13500హెచ్ మేలు. కొన్నాక ఆట నెమ్మదిగా ఉంటే సెట్టింగ్స్, సిస్టం, డిస్‌ప్లే, గ్రాఫిక్స్‌లోకి వెళ్లి ఆ ప్రోగ్రాంకు హై పెర్ఫార్మెన్స్ ఎంచుకోండి. ఛార్జర్ పెట్టి ఆడండి. బ్యాటరీ మీద కార్డు తన బలంలో కొంతే వాడుతుంది.

మా విన్నపాలు రెండు. కంప్యూటర్ ప్రకటనలు, కొటేషన్లు, బిల్లులు ఏవైనా ప్రాసెసర్ నంబరు చివరి అక్షరంతో సహా, కార్డు పేరు దాని మెమరీ రకంతో సహా, ర్యామ్ ఎన్ని స్టిక్కులో, ఎస్‌ఎంపీఎస్ కంపెనీ, మోడల్ ఏమిటో రాయాలి. మీ పత్రిక ప్రకటనల విభాగం ఈ నాలుగూ లేని కంప్యూటర్ ప్రకటనను వెనక్కి పంపితే షాపులు తప్పక దారికొస్తాయి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ షాపుల సముదాయంలో కొన్నా, మండల కేంద్రంలో కొన్నా, కొనేవాళ్లు కూడా ఈ నాలుగూ రాసిస్తేనే అడ్వాన్సు ఇవ్వాలి.

రెండోది కాలేజీలకు. ఎప్‌సెట్, ఈఏపీసెట్ కౌన్సెలింగ్ ముగియగానే కొన్ని కాలేజీలు ‘ఐ7, 4 జీబీ గ్రాఫిక్స్ లాప్‌టాప్ తప్పనిసరి’ అని వాట్సాప్‌లో పెడతాయి. మొదటి ఏడాది నేర్పే సీ, పైథాన్‌లకు లోపలి గ్రాఫిక్స్, 16 జీబీ ర్యామ్ ఉన్న మామూలు లాప్‌టాప్ చాలు. అప్పు చేసి కొనే తల్లిదండ్రులున్నారు. ఏ బ్రాంచికి, ఏ సెమిస్టర్లో, ఏ సాఫ్ట్‌వేర్, ఎన్నో వెర్షన్ వాడతారో ఆ సర్క్యులర్లోనే రాసివ్వండి. ఏది కొనాలో ఆ జాబితా చూసి మేమే చెబుతాం, దానికి రుసుమేమీ ఉండదు.

– కంప్యూటర్ సర్వీసింగ్ పనివాళ్లం,
సికింద్రాబాద్